పెన్నా ఒడ్డున పచ్చదనం నిజంగా పెరిగిందా? పాత, కొత్త శాటిలైట్ బొమ్మలు పోల్చడంలో సాయం కావాలి

సుజాత_నెల్లూరు
అందరికీ నమస్కారం. సోమశిల డ్యాం దిగువ నుంచి సంగం, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా పెన్నా రెండు గట్ల వెంబడి చెట్టూ చేమా ఎలా మారుతూ వచ్చాయో ఒక మ్యాప్ చెయ్యాలి. అడిగింది ఏటి ఒడ్డు ఊళ్ళ రైతులు. వాళ్ళ చేతికి ఈమధ్య ఒక రిపోర్టు వచ్చింది (ఎవరిదన్నది ఇక్కడ అనవసరం). 1990ల నాటి ల్యాండ్‌శాట్ (అమెరికా ఉపగ్రహం) బొమ్మ ఒకటి, మొన్నమొన్నటిది ఒకటి తీసుకున్నారు. రెండింటికీ ఎన్‌డీవీఐ (ఇన్‌ఫ్రారెడ్, ఎరుపు వెలుతురుల తేడాను వాటి మొత్తంతో భాగించి పచ్చదనం కొలిచే సూచీ) కట్టి, కొత్తదాంట్లోంచి పాతది తీసేశారు. "నది ఒడ్డున పచ్చదనం గణనీయంగా పెరిగింది" అని తేల్చేశారు. మ్యాప్ నిండా ఆకుపచ్చే.

రైతులు ఒప్పుకోవట్లేదు. "కానుగ తోపులు పోయినాయి, ఈతచెట్లు పోయినాయి, మొగలి పొదలు పోయినాయి, ఇంక పెరిగిందేందమ్మా?" అంటున్నారు. నాకు మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ బాగానే వచ్చు, గూగుల్ వాళ్ళ ఎర్త్ ఇంజిన్‌లో చిన్నచిన్న స్క్రిప్టులు రాయగలను. ఆ రిపోర్టును ఎక్కడి నుంచి తనిఖీ చెయ్యడం మొదలుపెట్టాలి?

బ్యాండ్_నాలుగు
ముందు ఒక్కటి చెప్పండి. ఆ రెండు బొమ్మలు ఏ నెలవి?

సుజాత_నెల్లూరు
పాతది మే. కొత్తది జనవరి. సంవత్సరాలు రాశారు గానీ నెలలు ఎక్కడో అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి.

బ్యాండ్_నాలుగు
అయితే కథ అక్కడే తేలిపోయింది. నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకి. జనవరిలో గడ్డి, రెల్లు, వరి, కలుపు అన్నీ నిగనిగలాడుతుంటాయి. మే నెలలో ఏరు ఎండి ఇసుక తేలి ఉంటుంది. ఏ సంవత్సరం తీసుకున్నా సరే, మే బొమ్మను జనవరి బొమ్మలోంచి తీసేస్తే పచ్చదనం పెరిగినట్టే వస్తుంది. ఒకే సంవత్సరంలోని జనవరిని, మేని పోల్చి చూడండి. అదే మ్యాప్ మళ్ళీ వస్తుంది. రైతుల మీటింగులో చూపించడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

రెండో చిక్కు నీటిమట్టం. నది పక్క వృక్షజాలం లెక్కలో అందరూ మర్చిపోయేది ఇదే. నీటి పిక్సెల్‌కి (బొమ్మలోని ఒక్కో గడిని పిక్సెల్ అంటారు) ఎన్‌డీవీఐ సున్నాకి కిందే ఉంటుంది. ఏటి నీళ్ళు తగ్గి, ఆ చోట ఇసుక తేలి, దాని మీద నాలుగు గడ్డి పోచలు మొలిస్తే చాలు, లెక్కలో "పెరుగుదల" కింద పడుతుంది. సోమశిల 78 టీఎంసీల జలాశయం, పైనుంచి నీళ్ళు వదిలారా లేదా అన్నదాన్ని బట్టి కింద ఏటి ముఖమే మారిపోతుంది. అందుకే రెండు బొమ్మలకూ నెల ఒకటైతే సరిపోదు, ఏట్లో నీళ్ళు కూడా దాదాపు ఒకేలా ఉండాలి. ప్రతి తేదీకీ ఎంఎన్‌డీడబ్ల్యూఐ (నీళ్ళను పట్టిచ్చే సూచీ) కట్టి నీటి విస్తీర్ణం చూడండి. తేడా ఎక్కువున్న జతలను పక్కన పడెయ్యండి.

ఏటిగట్టు_రైతు
సుజాతమ్మా, నాది సంగం దిగువన. ఈ శాటిలైట్ లెక్కలు నాకు తెలియవు గానీ నెల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మే నెల అంటే ఎప్పుడూ ఎండే అనుకోవద్దు. ఎడగారుకు (ఎండాకాలం రెండో పంటకు) నీళ్ళు ఇచ్చిన ఏడాది మే ఆఖరుకి పొర్లుకట్ట అవతల వరి నాట్లు పడిపోయి ఉంటాయి. నీళ్ళివ్వని ఏడాది అదే నేల బీడు. మీ బొమ్మలో అది అడవి లెక్కన కనపడితే మా ఊరంతా అడవే!

ఏట్లో కూడా అంతే. నీళ్ళు తగ్గినాక ఇసుకలో పుచ్చ, దోస పెట్టేవాళ్ళుంటారు. చెలమ తీసి కుండలతో పోస్తారు. మార్చిలో అవి పచ్చగా ఉంటాయి, ఏప్రిల్ నెలాఖరుకి తీగ ఎండిపోతుంది.

బ్యాండ్_నాలుగు
అన్నా, ఈ ఎడగారు సంగతి ఏ పేపర్లోనూ దొరకదు. మరి మీ లెక్కన పంటలు అన్నీ పోయి చెట్లు మాత్రమే పచ్చగా ఉండేది ఎప్పుడు?

ఏటిగట్టు_రైతు
ఏప్రిల్ రెండు, మూడు వారాలు. పెద్ద పంట కోత అయిపోయి ఉంటుంది, ఎడగారు నార ఇంకా మడిలోనే ఉంటుంది. రెల్లు కూడా అప్పటికి ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, కొన్నిచోట్ల తగలబెట్టేసి ఉంటారు. అప్పుడు ఏట్లో పచ్చగా ఉండేది ఒక్క చిల్లచెట్టే. దానికి ఎండ లేదు, వాన లేదు.

సుజాత_నెల్లూరు
అన్నా, చాలా థాంక్స్. ఏప్రిల్ మధ్య అని రాసుకున్నా. చిల్ల అంటే సర్కారు తుమ్మే కదా, కడప వైపు కంపచెట్టు అంటారు.

రిపోర్టులో ఇంకోటి అర్థం కాలేదు. ఒడ్డున దట్టమైన తోపుకు కూడా వాళ్ళ ఎన్‌డీవీఐ 0.35 దాటడం లేదు. మామిడి తోటకు కూడా అంతే. ఇంత తక్కువ వస్తుందా?

బ్యాండ్_నాలుగు
రాదు. వాళ్ళు దింపుకున్న ఫైల్లోని అంకెలను స్కేల్ చెయ్యకుండా నేరుగా సూత్రంలో వేశారని పందెం కాస్తా.

ల్యాండ్‌శాట్ కలెక్షన్-2 సర్ఫేస్ రిఫ్లెక్టెన్స్ ఫైల్లో ఉండే అంకె నేరుగా పరావర్తనం (నేల వెనక్కి పంపే వెలుతురు పాలు) కాదు. దాన్ని 0.0000275తో గుణించి, 0.2 తీసెయ్యాలి. గుణకారం మర్చిపోయినా ఎన్‌డీవీఐకి పోయేదేం లేదు, పైనా కిందా కొట్టుకుపోతుంది. ఆ 0.2 తీసెయ్యకపోతేనే కొంప మునుగుతుంది. ఉదాహరణకు ఒక చెట్టు పిక్సెల్‌లో ఎరుపు బ్యాండ్ 9000, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 18000 అనుకుందాం.

స్కేల్ చెయ్యకుండా: 9000 ÷ 27000 = 0.33.
స్కేల్ చేసి: ఎరుపు 0.0475, ఇన్‌ఫ్రారెడ్ 0.295. తేడా 0.2475, మొత్తం 0.3425. అంటే ఎన్‌డీవీఐ 0.72.

అదే చెట్టు, అదే రోజు. 0.33కీ 0.72కీ మధ్య ఉన్న దూరం మొత్తం ఆ ఒక్క తీసివేతే. ఇసుక పిక్సెల్‌కి అంత తేడా రాదు, కాబట్టి ఇసుకకూ చెట్టుకూ మధ్య ఉండాల్సిన ఎడం నలిగిపోతుంది. ఆ తర్వాత "0.2 దాటితే వృక్షజాలం" లాంటి గీత ఎక్కడ గీసినా తప్పే.

యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మల్లోనూ ఇలాంటి గుంటే ఉంది. 2022 జనవరి 25 నుంచి వచ్చే ఫైళ్ళలో అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసెయ్యకపోతే 2021 నుంచి 2022కి వచ్చేసరికి ఒడ్డంతా హఠాత్తుగా ఎండిపోయినట్టు కనపడుతుంది. ఎర్త్ ఇంజిన్‌లో "హార్మొనైజ్డ్" అని పేరున్న కలెక్షన్ వాడితే ఆ పని వాళ్ళే చేసి పెడతారు.

ఇంకో రెండు ముక్కలు, పడి లేచినవాళ్ళ కోసం. ల్యాండ్‌శాట్-5లో ఎరుపు మూడో బ్యాండ్, ఇన్‌ఫ్రారెడ్ నాలుగు. ల్యాండ్‌శాట్-8లో ఎరుపు నాలుగు, ఇన్‌ఫ్రారెడ్ అయిదు. (నా యూజర్‌నేమ్ ఎలా పుట్టిందో అడగొద్దు.) పైగా 8లో ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ సన్నగా ఉంటుంది, అందువల్ల అదే చెట్టుకు ఎన్‌డీవీఐ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. 5నీ 8నీ కలిపి ముప్ఫై ఏళ్ళ గీత గీసేవాళ్ళు ఆ సర్దుబాటు చెయ్యకపోతే 2013 దగ్గర ఒక మెట్టు వస్తుంది. దాన్ని పట్టుకుని "పచ్చదనం పుంజుకుంది" అని రాసినవాళ్ళున్నారు.

వినోద్_కోడ్
ఇంత కష్టం ఎందుకండీ. ల్యాండ్‌ట్రెండర్ పెట్టి 1988 నుంచి మొత్తం పరిగెత్తించండి. ప్రతి పిక్సెల్‌కీ ఎప్పుడు పడిందో, ఎప్పుడు లేచిందో అదే చెప్పేస్తుంది. ఎర్త్ ఇంజిన్‌లో రెడీగా ఉంది.

బ్యాండ్_నాలుగు
అది అడవుల కోసం పుట్టింది బాబూ. అడవి పిక్సెల్ ఏళ్ళ తరబడి ఒక తీరున ఉండి, ఒకసారి నరికితే పడుతుంది. ఏటి ఒడ్డు పిక్సెల్ ఒక ఏడు నీళ్ళు, మరో ఏడు ఇసుక, ఇంకో ఏడు రెల్లు. ప్రతిదాన్నీ అది "విధ్వంసం" అంటుంది. నీటి పిక్సెల్స్ ముందే తీసేసి, ఏప్రిల్ బొమ్మలే ఇస్తే కొంత నయం. అప్పుడు కూడా దాని ఫలితం ఎక్కడ చూడాలో చెప్పడానికి పనికొస్తుంది గానీ ఏం జరిగిందో చెప్పదు.

వినోద్_కోడ్
సరే, ఒప్పుకుంటా. 2012కి ఏం చేస్తారు మరి? ల్యాండ్‌శాట్-5 2011 నవంబరులో ఆగిపోయింది, 8 పైకెళ్ళింది 2013 ఫిబ్రవరిలో.

బ్యాండ్_నాలుగు
2012కి ల్యాండ్‌శాట్-7 ఒక్కటే దిక్కు, చారలతో సహా. 2003 మే 31న దాని స్కాన్ సరిచేసే పరికరం పాడయ్యాక ప్రతి బొమ్మలో దాదాపు 22 శాతం ఖాళీ చారలే. బొమ్మ నడుమ బాగుంటుంది, అంచులకు పోయేకొద్దీ చార వెడల్పవుతుంది. సన్నటి ఏటి ఒడ్డు మీద చార పడితే చేసేదేం లేదు. 2012ని వదిలెయ్యడమే మర్యాద. లేదంటే మన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా బొమ్మ దొరుకుతుందేమో చూడాలి.

పాత_టోపోషీట్
ఇప్పుడు మా పేటకొచ్చారు. నేను రిటైరై చాలా కాలమైంది. రిసోర్స్‌శాట్-1 2003లో, 2 2011లో, 2ఏ 2016లో వెళ్ళాయి. లిస్-3 పిక్సెల్ 23.5 మీటర్లు, లిస్-4 అయితే 5.8 మీటర్లు. ఏటి ఒడ్డు పనికి లిస్-4 అంత హాయి ఇంకోటి లేదు. నీలం బ్యాండ్ ఉండదు, కాబట్టి బొమ్మ సహజ రంగుల్లో రాదు, చెట్టూ చేమా ఎర్రగా కనపడే కాంపోజిట్‌లోనే చూడాలి. ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ళ భూనిధి పోర్టల్‌లో వెతకండి. 1988లో ఐఆర్ఎస్-1ఏ వెళ్ళినప్పుడు లిస్-2 పిక్సెల్ 36.25 మీటర్లు ఉండేది, అప్పట్లో అదే మహాభాగ్యం.

ఇక అసలు మాట. మీరంతా సూచీలూ అల్గారిథమ్‌లూ అంటున్నారు. మేము ఫిల్మ్ ప్రింటును లైట్ టేబుల్ మీద పెట్టి, ట్రేసింగ్ కాగితం వేసి, కళ్ళతో చూసి గీసేవాళ్ళం. ముదురు ఎరుపులో గరుకుగా, అంచులు చెల్లాచెదురుగా ఉంటే తుమ్మ. ఒకే ఎరుపులో, అంచులు గీత గీసినట్టు ఉంటే తోట. లేత గులాబీ అయితే గడ్డి. సుజాత గారు చూస్తున్న ఏరు పొడవు ఎంతని? కూర్చుని చేత్తో గీస్తే కొద్ది వారాల పని. మెషీన్ తప్పులు దిద్దడానికీ అంతే పడుతుంది.

బ్యాండ్_నాలుగు
సార్, మీ మీద గౌరవంతోనే కాదంటున్నా. చేత్తో గీసిన మ్యాప్‌ను ఇంకొకరు మళ్ళీ గీస్తే అదే రాదు. 1990ది ఒకరు, 2024ది ఒకరు గీస్తే ఆ తేడాలో ఏరు మారినది ఎంతో, చెయ్యి మారినది ఎంతో ఎవరు చెప్పాలి?

పాత_టోపోషీట్
అందుకే రెండూ ఒకరే గీయాలి. అంతేకాదు, కొత్తది ముందు గీసి, ఆ గీతలనే వెనక్కి జరుపుతూ పాత బొమ్మ మీద ఎక్కడ తేడా ఉందో అక్కడ మాత్రమే మార్చాలి. విడివిడిగా గీసి ఒకదాని మీద ఒకటి వేస్తే అంచుల వెంబడి సన్నటి పీలికలన్నీ మార్పుగా లెక్కకొస్తాయి. మీ మెషీన్‌కీ ఈ జబ్బు ఉంది బాబూ. రెండు మ్యాపులు చెరో 85 శాతం కరెక్టు అనుకోండి, తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, మార్పు మ్యాప్‌లో కరెక్టయ్యేది 0.85 ఇంటూ 0.85, అంటే 72 శాతమే.

బ్యాండ్_నాలుగు
ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. మధ్యేమార్గం: ఎక్కడ మారిందో మెషీన్ పట్టిస్తుంది, ఏం మారిందో మనిషి కంటితో చూసి రాస్తాడు. సుజాత గారూ, మొత్తం ఏటిని గీయక్కర్లేదు. మార్పు ఉన్నచోట, లేనిచోట, రెండు రకాల్లోనూ యాదృచ్ఛికంగా బిందువులు తీసి, ఒక్కో బిందువునూ గూగుల్ ఎర్త్ ప్రోలో పాత బొమ్మలతో చూసి పేరు పెట్టండి. విస్తీర్ణం ఆ శాంపిల్ నుంచి కట్టాలి, దాని పక్కన ఎంత అటూఇటూ కావచ్చో కూడా రాయాలి. పిక్సెళ్ళు లెక్కపెట్టి 0.09తో (ల్యాండ్‌శాట్ పిక్సెల్ ఒక్కటి అన్ని హెక్టార్లు) గుణించి "ఇన్ని హెక్టార్లు" అనేస్తే ఆ రిపోర్టుకీ మీకూ తేడా ఉండదు.

ఏటిగట్టు_రైతు
ఎకరాకి ఎన్ని పిక్సెల్ చుక్కలు పడతాయి సార్?

బ్యాండ్_నాలుగు
ల్యాండ్‌శాట్‌లో నాలుగున్నర అన్నా. సెంటినెల్-2లో నలభై. మీ గట్టు మీద ఒక్క వరుస తాటిచెట్లుంటే ల్యాండ్‌శాట్‌కు అవి కనపడవు, పక్కన ఇసుకతో కలిసిపోతాయి.

సుజాత_నెల్లూరు
ఇదే నా అసలు భయం. రైతులు చెప్పే కానుగ తోపులు, ఈతచెట్లు 30 మీటర్ల పిక్సెల్‌లో పడతాయా? సెంటినెల్-2 వచ్చిందే 2015లో. వాళ్ళు చెప్పే చెట్లు అంతకుముందే పోయాయి.

ఏటిగట్టు_రైతు
ఒక గుర్తు చెప్తానమ్మా. కానుగ శివరాత్రి ముందూవెనకా ఆకు రాలుస్తుంది. ఉగాదికల్లా లేత చిగురు వేసి తళతళలాడుతుంది. చిల్ల అట్లా మొత్తం ఆకు రాల్చదు. ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చూస్తే మధ్యలో దిగి లేచింది కానుగ, కదలకుండా ఉన్నది చిల్ల.

బ్యాండ్_నాలుగు
సెంటినెల్-2కి ఇది బంగారం లాంటి గుర్తు. రెండు ఉపగ్రహాలు తిరుగుతున్నప్పుడు అయిదు రోజులకో బొమ్మ, పైగా ఆ నెలల్లో మబ్బు తక్కువ. తోపులాగా గుంపుగా ఉంటే పడుతుంది. ఒంటరి చెట్టు పడదు. చిల్ల ఆకు సన్నం, కొమ్మల సందుల్లోంచి ఇసుక కనపడుతుంది కాబట్టి ఎన్‌డీవీఐతో పాటు నేల ప్రభావం తగ్గించే ఎస్ఏవీఐ కూడా కట్టి చూడండి.

1990లకు మాత్రం ఇది కుదరదు. పదహారు రోజులకో బొమ్మ, అందులోనూ మన మీద దొరికే దృశ్యాలు తక్కువ. ఆ కాలానికి "చెట్లు, పొదలు" అని ఒకే తరగతి పెట్టి అక్కడ ఆగిపోవడం నిజాయితీ. చిల్లా కానుగా అని విడదీస్తే అది ఊహే.

పాత_టోపోషీట్
పూర్తిగా ఆగిపోనక్కర్లేదు. కొరోనా అని అమెరికా వాళ్ళ గూఢచారి ఉపగ్రహాలుండేవి, 1960 నుంచి 1972 దాకా. ఆ ఫిల్ములు 1995లో బయటపెట్టారు. నలుపు-తెలుపే, ఎన్‌డీవీఐ రాదు. కానీ మంచి ఫ్రేములో తోపు తోపుగా, పెద్ద చెట్టు చెట్టుగా కనపడుతుంది. అమెరికా భూగర్భ సర్వే (యూఎస్‌జీఎస్) సైట్‌లో వెతకండి. స్కాన్ అయినవి ఉచితం, కానివాటికి డబ్బు కట్టాలి. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (వివరమైన నేల మ్యాపులు) పక్కన పెట్టుకోండి, వాటిలో తాటి, ఈత, తోపు గుర్తులుంటాయి.

ఇంకో సంగతి. చిల్ల అనే ఈ మొక్క మన దేశానికి ఎక్కడ వచ్చిందో తెలుసా? 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారని అటవీ చరిత్రల్లో ఉంది. కమలాపురం అంటే పాపఘ్ని, పెన్నా కలిసే తావు. సుజాత గారు కొలుస్తున్న ఏటికి ఎగువన! కాయలు పశువులు తింటాయి, విత్తనం అరగక పేడలో పడి ఇంకా తొందరగా మొలుస్తుంది. మిగతా పని వరద చూసుకుంటుంది.

టూసాన్_తెలుగోడు
ఈ థ్రెడ్ చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఆరిజోనాలో కథ తలకిందులు. మీ చిల్లచెట్టు దాయాదులు (మెస్కీట్ అంటారు) ఇక్కడ ఏటి ఒడ్డున సొంత చెట్లు, వాటిని కాపాడుకోవడానికి డబ్బు పోస్తారు. బయటి నుంచి వచ్చి ఒడ్డును ఆక్రమించింది టామరిస్క్ అనే పొద. దాని ఆకు తినే పురుగును 2001లో వదిలారు, ఆ పురుగు నది వెంట పాకుతూ పోతుంటే నడివేసవిలో ఒడ్డు ఎండిపోవడం ల్యాండ్‌శాట్ బొమ్మల్లో పట్టుకున్నారు. "పచ్చదనం తగ్గింది" అని సూచీ చెప్తుంటే ఇక్కడ కొందరు పండగ చేసుకున్నారు. ఆ పొదల్లో గూడు కట్టే పిట్టల వాళ్ళు గోల పెట్టారు. సూచీ ఒకటే.

2014 వసంతంలో మెక్సికో వైపు కొలరాడో డెల్టాలోకి కావాలని నీళ్ళు వదిలారు. ఆ ఏడు పచ్చదనం పెరిగింది, తర్వాత మళ్ళీ తగ్గుతూ వచ్చింది. రెండు తేదీలు మాత్రమే తీసుకునుంటే ఎవరికి కావాల్సిన కథ వాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

సుజాత_నెల్లూరు
కొంత పని అయింది, చెప్తాను.

ఏప్రిల్ మధ్య బొమ్మలు మాత్రమే తీసుకున్నా. నీళ్ళు మరీ ఎక్కువున్న ఏళ్ళు పక్కన పెట్టా. ముందు ఒడ్డు అంటే ఏదో తేల్చుకోవాల్సి వచ్చింది. రిపోర్టులో నది మధ్యగీత నుంచి అటూ ఇటూ ఒకే దూరం పట్టీ గీశారు. దాంతో సంగం దగ్గర సగం వరిపొలాలు లోపలికి వచ్చాయి, నెల్లూరు దగ్గర ఊరే లోపలికి వచ్చింది. నేను పొర్లుకట్ట ఉన్నచోట కట్టనే హద్దు చేశా. లేనిచోట 1984 నుంచి ఎప్పుడైనా నీళ్ళు తాకిన మేర (యూరప్ సంస్థ జేఆర్‌సీ వాళ్ళ నీటి మ్యాపు) తీసుకున్నా. హద్దు మార్చగానే ఆ రిపోర్టులోని "పెరుగుదల"లో పెద్ద ముక్క మాయమైంది. అది వరి.

మిగిలిన మార్పుల్లో కొన్నింటి వార్షిక గీతలు ఏటిగట్టు అన్నకు పంపా. ఆయన జవాబులు ఇక్కడ పెట్టమని నేనే అడిగా.

ఏటిగట్టు_రైతు
ఫోన్లో చూసినా. మొదటిది, ఒక్కసారి కిందపడి రెండేళ్ళకి మళ్ళీ లేచిన గీత ఉంది చూడండి, అది చిల్ల కొట్టి బొగ్గు కాల్చినచోటు. బట్టీ పెట్టినవాళ్ళు మొదలు వదిలేసి పోతారు, మోడులోంచి పదికొమ్మలు లేస్తాయి. ఎన్నిసార్లు కొట్టినా అంతే. దాన్ని అడవి నరికివేత అని రాయొద్దు.

రెండోది రంపం పళ్ళలాగా నాలుగైదేళ్ళకోసారి పడి లేచేది. అది సరుగుడు తోట, పక్కన జామాయిల్. పట్టా భూమి, ఏటి చెట్టు కాదు.

మూడోది 2021 నవంబరు వరద తర్వాత చచ్చినట్టు పడిపోయింది కదా. ఆ వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయినాయి, ఇంక చెట్లెంత. ఆ గడ్డ మీద ఉన్నదంతా ఊడ్చుకుపోయి నిలువెత్తు ఇసుక మేట వేసింది. ఇప్పుడు దాని మీద మళ్ళీ చిల్లే మొలుస్తోంది. మీ బొమ్మలో పైకి లేస్తున్నది అదే.

నాలుగోది నాకు తెలియలేదు.

సుజాత_నెల్లూరు
నాలుగోది సంగం ఎగువన, నీటి అంచున. 2023 నుంచి పిక్సెల్స్ పచ్చ నుంచి నీళ్ళకు మారాయి.

పాత_టోపోషీట్
2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాయి. నీళ్ళు నిలబెడితే ఎగువ గడ్డలు మునుగుతాయి, కొత్త అంచున జమ్ము, తుంగ లేస్తాయి. ఇంకో రెండేళ్ళు ఆగితే జమ్ము పట్టీ కనపడుతుంది. ఆ ఏడుకు ముందు, తర్వాత అని గీతను విడగొట్టి రాయండి. మొత్తం కలిపి ఒక సరళరేఖ వేస్తే దానికి అర్థం ఉండదు.

వినోద్_కోడ్
వరదప్పుడు ఏం జరిగిందో చూడాలంటే సెంటినెల్-1 రాడార్ వాడొచ్చుగా? మబ్బుతో పని లేదు.

బ్యాండ్_నాలుగు
నీళ్ళెంత మేర వచ్చాయో చూడడానికి భేషుగ్గా పనికొస్తుంది, తేదీ కలిసొస్తే. చిల్ల దట్టమెంతో చెప్పమంటే మాత్రం దాని సీ-బ్యాండ్ (పొట్టి తరంగం) ఆకులూ చిన్న కొమ్మల దగ్గరే ఆగిపోతుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ రాడార్ ఉపగ్రహంలో ఎల్-బ్యాండ్ (పొడవాటి తరంగం) ఉంది. అది కాండం దాకా పోతుంది. ముందు ముందు ఈ పనికి అదే ఆధారం అవుతుందని నా నమ్మకం. పాతకాలంతో పోల్చడానికి ఎలాగూ పనికిరాదు.

సుజాత గారూ, సముద్రం వైపు చివరి భాగం చూశారా? అక్కడ రొయ్యల చెరువులు ఒడ్డు దాకా వచ్చి ఉంటాయి. చెరువు ఎండగట్టిన నెలలో బీడులాగా, నింపిన నెలలో నీళ్ళలాగా కనపడుతుంది. నీటి ముసుగు వేసేటప్పుడు అవి ఏట్లో కలిసిపోకుండా చూసుకోండి.

సుజాత_నెల్లూరు
ఆ భాగం ఇంకా ముట్టుకోలేదు. చెరువుల గట్లు తిన్నగా ఉంటాయి కాబట్టి చేత్తోనే గీసి తీసేస్తా (టోపోషీట్ సార్ సంతోషిస్తారు).

రైతులకు ప్రస్తుతానికి ఇలా చెప్పా: కట్టల లోపల ఏప్రిల్‌లో పచ్చగా ఉండే జాగా నిజంగానే పెరిగింది, సెంటినెల్ కాలంలో చూస్తే అందులో ఎక్కువ భాగం ఫిబ్రవరిలో ఆకు రాల్చనిది (అన్న చెప్పిన చిల్ల గుర్తు). అంటే రిపోర్టులోని మాటా, వాళ్ళ మాటా రెండూ ఒకే చోటి గురించే. 1990లలో అక్కడ ఏ చెట్టు ఉండేదో ఉపగ్రహం చెప్పదు. దానికోసం పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, టోపోషీట్ ముందుపెట్టి, ఏ తోపు ఎక్కడుండేదో గుర్తు పెట్టించుకుంటున్నాం. కొరోనా ఫ్రేము ఒకటి దొరికింది, స్కాన్ కోసం డబ్బు కట్టాం.

ఏటిగట్టు_రైతు
ఫ్రేము వస్తే మా ఊరి రేవు దగ్గర మర్రిచెట్టు ఉందేమో చూడమ్మా. అది ఉందంటే బొమ్మ కరెక్టుగా కూర్చున్నట్టు.

శ్రీకాళహస్తి_కుర్రాడు
కొత్తగా చేరాను. స్వర్ణముఖికి ఇదే చెయ్యాలనుకుంటున్నా. నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే. అవుతుందా?

బ్యాండ్_నాలుగు
లెక్కంతా ఎర్త్ ఇంజిన్ సర్వర్లలో జరుగుతుంది, మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్ తెరిస్తే చాలు. చదువు పని అయితే ఉచితం. స్వర్ణముఖి పెన్నా కన్నా చాలా సన్నం, ల్యాండ్‌శాట్‌తో ఒడ్డు విడిగా రాదు. సెంటినెల్-2 నుంచే మొదలుపెట్టండి. మ్యాపుకు యూటీఎం జోన్ 44 ఉత్తరం ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) పెట్టుకోండి. ఏ నెల వాడాలో మాత్రం ఇక్కడ అడగొద్దు, మీ ఏటి ఒడ్డున సేద్యం చేసేవాళ్ళను అడగండి.